పన్నెండో పరికరం

పొద్దున ఏడున్నర అయిందంటే ఆ ఇంట్లో ఒకరి కాళ్లకొకరు అడ్డం పడుతుంటారు. పద్నాలుగేళ్ల పండు ఒక సాక్సు దొరికి ఇంకోటి దొరక్క ఇల్లంతా పీకి పందిరేస్తుంది. వాళ్లమ్మ ఒక చేత్తో లంచ్ బాక్సులు మూసేస్తూ ఇంకో చేత్తో జుట్టు ముడేసుకుంటుంది. నానమ్మ కళ్లజోడు పెట్టుకునే "నా కళ్లజోడేదర్రా" అని కేకేస్తుంది. ఇదంతా రోజూ ఉండే భాగోతమే. ఆ రోజు కొత్తగా ఉన్నదల్లా ఇంటాయన. గడ్డం గీసుకోవాల్సిన మనిషి హాల్లో టీవీ బల్ల పక్కన నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఇంటర్నెట్ రౌటరు వంకా చేతిలో ఫోను వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆయనది కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీసే పని. వీధిలో అందరికీ ఆయన అద్దాలాయనే. పవరులో వెంట్రుకవాసి తేడా వచ్చినా లెన్సు పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టే రకం. అలాంటి మనిషికి ముందురోజు కూతురి క్లాస్ టీచర్ ఫోన్ చేసి, "మీ అమ్మాయి బల్ల కింద ఫోను పెట్టుకుని రెండు నిమిషాలకోసారి చూస్తోందండీ. లెక్కల్లో ముప్ఫై రెండొచ్చాయి. ఇంట్లో కాస్త కనిపెట్టుకుని ఉండండి," అంది. కనిపెట్టుకుని ఉండండి అన్న మాట ఆయనకి గుచ్చుకుంది. అంటే ఇన్నాళ్లూ పిల్లని గాలికొదిలేశామనా?

షాపులో కౌంటర్ చూసే ఆవిడ వెంటనే మందు చెప్పింది. "పిల్లల ఫోన్లో ఎన్ని తాళాలేసినా ఊదిపారేస్తారు సార్. ఇంటికొచ్చే నెట్‌కే కళ్లెం వెయ్యండి. రౌటర్లో పేరెంటల్ కంట్రోల్ ఉంటుంది. ఒక్కసారి పెట్టారంటే ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ మీ చెప్పుచేతల్లో ఉంటుంది."

చెప్పుచేతల్లో! ఆ మాటకి పొంగిపోయాడు పాపం. ఈ రోజుల్లో ఆయన చెప్పుచేతల్లో లెన్సులు తప్ప ఏముందని.

"ఇలా రా ఒకసారి," అని భార్యని పిలిచాడు. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. పెళ్లయిన కొత్తలోనే ఆయన తీరు అర్థమైపోయింది కాబట్టి రానని చెప్పడం మానేసింది. "మన నెట్ మీద పన్నెండు పరికరాలున్నాయట. ఒక్కోటీ ఎవరిదో తేల్చాలి. ఇదెవరిది?"

"అది మీ ఫోనేనండీ."

"ఓహో. ఇది?"

"టీవీ. అది నాది. అది పండు స్కూలు ట్యాబు. అబ్బబ్బ, త్వరగా కానివ్వండి, బస్సు పోతుంది."

పదకొండు తేలాయి. పన్నెండోది తేలలేదు. దానికి పేరూ ఊరూ లేదు. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్నాయంతే.

"మనింట్లో ఇలాంటిదేం లేదే," అందావిడ. వెంటనే కళ్లు పెద్దవి చేసింది. "ఏవండీ! కింద వాటాలో కొత్తగా దిగినాయన మొన్న మన వైఫై పాస్‌వర్డ్ అడిగాడు, గుర్తుందా? మీరు ఇవ్వనన్నారు కదా. ఎలాగో లాగేసుంటాడు."

"హమ్మ హమ్మా! నెట్ మనది, సినిమాలు ఆయనవీనా?" అని అద్దాలాయన ఆ పన్నెండోదాని మీద కసిగా నొక్కాడు. బ్లాక్. ఫోను ఇంకో ప్రశ్న వేసింది, మీకు తెలిసినవాటిని తప్ప ఇంకేవీ రానివ్వొద్దా అని. రానివ్వొద్దు అన్నాడు. నొక్కాక మొహంలో ఎంత తృప్తో! కింద వాటాయన పాపం ఏ పాపం ఎరుగడు. కాసేపటికి మెట్ల దగ్గర ఎదురైతే వీళ్లెందుకు మొహం మాడ్చుకున్నారో కూడా ఆయనకి తెలియదు.

పదడుగుల దూరంలో పిల్ల పళ్లు తోముకుంటోంది. అదేంటని దాన్నడిగితే ఒక్క ముక్కలో తేలిపోయేది. అడగలేదు. పిల్ల మీద పెట్టే కంట్రోలుకి ఆ పిల్లనే సలహా అడుగుతారా ఎవరైనా?

పండు బయటికొస్తూనే ఫోను చూసుకుంది. "నాన్నా, నెట్ రావట్లేదేంటి?"

"వస్తుంది. పొద్దున అరగంట, సాయంత్రం గంట. చదువుకి పనికొచ్చేవి తెరుచుకుంటాయి, మిగతావి తెరుచుకోవు. ఈ ఇంట్లో ఇవాళ్టి నించీ అంతే."

పిల్ల మొహం పాలిపోయింది. "స్కూల్లో కూడానా?"

"స్కూల్లో నీ సిమ్ డేటా ఉందిగా. దాని సంగతి తర్వాత చూస్తా."

హమ్మయ్య అన్నట్టు పిల్ల ఊపిరి వదిలింది. అదే తప్పయిపోయింది. అద్దాలాయన చటుక్కున లేచి నిలబడ్డాడు. "చూశావా, చూశావా? ఇంట్లో లేకపోయినా పర్లేదట, స్కూల్లో ఉంటే చాలట! ఏముందే అక్కడ? బల్ల కింద పెట్టుకుని ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ లేదు నాన్నా."

"అయితే చూపించు."

పండు ఫోను గుండెలకి అదిమిపెట్టుకుంది. "చూపించను."

ఆ మాటకి తండ్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి లేచింది. వాళ్లమ్మ మధ్యలోకొచ్చి, "పొద్దున్నే ఏంటండీ ఇది," అని ఆయన్ని వెనక్కి నెట్టింది. కిటికీ దగ్గర కుర్చీలోంచి నానమ్మ కూడా గొంతెత్తింది. "ఒరేయ్, ఆడపిల్ల మీద చెయ్యెత్తుతావేంట్రా? నేను నిన్నెప్పుడైనా కొట్టానా?"

"కొట్టేదానివి కాదు, గిల్లేదానివి," అని గొణుక్కుంటూ ఆయన గడ్డం గీసుకోడానికి పోయాడు. ఫోను లాక్కోలేదు. దారిలో పిల్ల ఒక్కతే వెళ్లాలి, చేతిలో ఫోనుండాలి అని ఆయన భయం ఆయనది.

పండు కళ్లు తుడుచుకుని నానమ్మ దగ్గరికెళ్లింది. ఆకుపచ్చ స్వెట్టరు తొడిగింది. మోకాళ్ల మీద దుప్పటి కప్పింది, రేడియో పెట్టింది. చెవి దగ్గర వంగి చెప్పింది, "నానమ్మా, బయటికెళ్లకేం. ఇవాళ నీకు డ్యూటీ లేదు. సెలవు."

"సెలవా? ఎవరిచ్చారు?"

"మీ సూపర్‌వైజరే ఇచ్చింది."

"అయితే సరే," అని నానమ్మ బుద్ధిగా తలూపింది.

నానమ్మ ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసింది. రిటైరై చాలా కాలమైంది, ఆ ఎక్స్చేంజీ ఇప్పుడు లేదు. కానీ ఏడాదిగా ఆవిడకి అప్పుడప్పుడూ ఆ సంగతి గుర్తుండదు. ఉన్నట్టుండి "అయ్యో, వేళైపోయింది" అని లేచి తలుపు గడియ తీసుకుని వెళ్లిపోతుంది. వెళ్లిన మొదటిసారి రెండు గంటలు వెతికారు. ఆ రోజు అద్దాలాయన అక్క వచ్చి అందరి ముందూ కుండబద్దలు కొట్టింది. "ఒరే తమ్ముడూ, ఊరవతల పెద్దవాళ్లని చూసుకునే హోమ్ ఉంది, నేను వెళ్లి మాట్లాడొచ్చాను. ఇంకొక్కసారి అమ్మ ఒంటరిగా బయటికెళ్లిందో, చేర్పించేస్తా. నీ మాట వినను." బయట తాళం వేసుకు వెళ్లండి అని కూడా అంది కానీ, లోపల ఏ నిప్పో అంటుకుంటే ఎలాగని కోడలు ఒప్పుకోలేదు. పదింటి నించి రెండింటి దాకా ఆవిడ ఒక్కతే. నాలుగు గంటలేగా, రోజూ వెళ్తుందా ఏంటి అని మొగుడూపెళ్లాలు ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు.

ఆ రోజు తలుపు వెనకాల నిలబడి పండు అంతా వింది. దానికి ఊహ తెలిసినప్పటి నించీ నానమ్మ మంచం పక్కనే దాని మంచం. వారం తిరక్కుండా స్కూలు సైన్స్ క్లబ్బులో అగ్గిపెట్టంత పెట్టె ఒకటి తయారుచేసి తెచ్చి, వీధి తలుపు పైన, ఎవరికీ కనపడకుండా అంటించింది. తలుపు తెరుచుకుంటే ఇంట్లో వైఫై పట్టుకుని పండు ఫోనుకి కబురొస్తుంది. వచ్చిందా, ఏదో వంక చెప్పి పిల్ల ఒకటే పరుగు. రెండు వీధుల అవతలే స్కూలు. నానమ్మని మెల్లగా మాటల్లో పెట్టి ఇంటికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ క్లాసుకి. ఈ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. చెబితే నానమ్మని పంపించేస్తారు.

ఆ పెట్టే పన్నెండోది.

బ్లాక్ పడిన రోజు క్లాసులో కూర్చుని పండు అలవాటుగా ఫోను వంక చూసింది. తొమ్మిదీ నలభైకి నాన్న షాపుకి వెళ్లేటప్పుడు ఒకసారి రావాలి. రాలేదు. పది దాటింది, రాలేదు. అంటే నాన్న షాపుకి వెళ్లలేదన్నమాట, ఆ రౌటరు ముందే కూర్చున్నాడన్నమాట అనుకుంది. తండ్రి స్వభావం తెలిసిన పిల్ల మరి. పెట్టిందంతా నాలుగుసార్లు సరిచూసుకుంటే గానీ ఆయనకి మనశ్శాంతి ఉండదు. నాన్న ఇంట్లో ఉంటే ఇంకేం కావాలి? చాలా రోజుల తర్వాత పండు ఫోను తీసి బ్యాగు అడుగున పడేసింది.

అద్దాలాయన మాత్రం ఎప్పట్లాగే పదింటికి షాపులో ఉన్నాడు. "పెట్టేశా," అని కౌంటరావిడకి గొప్పగా చెప్పాడు. "కింద వాటాయన దొంగతనం కూడా పట్టేశా." ఆవిడ టీ తెప్పించింది.

రెండుంబావుకి భార్య ఫోన్ చేసింది. ముందు ఏడుపే వినపడింది. "తలుపు బార్లా తెరిచుందండీ. అత్తయ్య లేరు. రేడియో మోగుతోంది, ఆవిడ లేరు."

చేతిలో లెన్సు అలాగే మిషను మీద వదిలేసి రోడ్డు మీదకొచ్చాడు. అమ్మ ఎక్కడికి పోతుంది, ఎక్స్చేంజికే పోతుంది అని పరిగెత్తాడు. ఆ మేడలో ఇప్పుడు సోఫాలమ్మే షోరూముంది. గేటు దగ్గర కాపలా మనిషి, "ఎవరూ రాలేదు సార్, పొద్దుట్నించీ నేనిక్కడే ఉన్నా," అన్నాడు. నమ్మలేక లోపలికెళ్లి సోఫాల మధ్య వరస వరసా తిరిగాడు. ఎవరో దంపతులు మంచం కొలతలు చూసుకుంటున్నారు. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డవాళ్లని ఒక్కొక్కర్నీ అడిగాడు. ఒకాయన చూశాననీ, కాదు నిన్ననీ, అసలు ఆవిడ కాదేమోననీ అన్నాడు. మబ్బు పట్టి చలిగాలి మొదలైంది.

పోలీసులకి ఫోన్ చేశాడు. అటునించి ఒకమ్మాయి చాలా మర్యాదగా అడిగింది. "వయసు? ఎత్తు? ఏం బట్టలు వేసుకున్నారు?"

ఆయన వయసు చెప్పాడు, ఎత్తు చెప్పాడు.

"సార్, ఏ రంగు బట్టలు?"

పొద్దున రెండు గంటలు అదే ఇంట్లో, అదే హాల్లో ఉన్నాడు. రౌటరు మీద దీపాలు ఎన్నున్నాయో, ఏది పచ్చగా ఉందో, ఏది ఆరిపోయిందో చెప్పగలడు. పదకొండు పరికరాల పేర్లు వరసగా అప్పజెప్పగలడు. కన్నతల్లి ఒంటి మీద ఏముందో తెలియలేదు. "ఒక్క నిమిషమండీ," అని భార్యకి చేశాడు. ఆవిడా "అయ్యో, నేను చూళ్లేదండీ, హడావిడిలో వెళ్లిపోయా," అని మళ్లీ ఏడ్చింది.

గతిలేక స్కూలుకి ఫోన్ చేశాడు. పండుని ఆఫీసు రూముకి పిలిపించారు.

"ఆకుపచ్చ స్వెట్టరు నాన్నా," అంది పిల్ల, ఏమైందని కూడా అడక్కుండా. "కింది బొత్తాం లేదు దానికి. బూడిదరంగు చెప్పులు. ఎన్నింటికి వెళ్లింది? నువ్వింట్లోనే ఉన్నావుగా?"

"నేనింట్లో ఎందుకుంటా? పదింటికి షాపుకెళ్లా. ఎప్పుడెళ్లిందో ఎవరికీ తెలీదు."

"తెలీకపోవడమేంటి? తలుపు తెరిస్తే నాకొస్తుంది." పిల్ల గొంతు సన్నబడింది. "నాకొస్తుంది నాన్నా. ఇవాళ ఒక్కసారి కూడా రాలేదే. నువ్వు వెళ్లినప్పుడూ రాలేదు." మెల్లగా అడిగింది, "నాన్నా, పొద్దున ఆ లిస్టులో ఏమైనా తీసేశావా? పేరు లేనిది?"

అద్దాలాయన నడిరోడ్డు మీదే ఆగిపోయాడు. "తీసేశా," అన్నాడు. పిల్లకి అర్థమైంది. అది అరవలేదు, తిట్టలేదు. "సరే, నువ్వు మిషన్లో డబ్బులేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీకి వెళ్లు. నేనూ వస్తున్నా," అని పెట్టేసింది.

లాండ్రీలో గోడ పొడుగునా మిషన్లు తిరుగుతున్నాయి. వాటెదురుగా బెంచీ మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆకుపచ్చ స్వెట్టర్లో అమ్మ కూర్చునుంది. ఒక కాలికి చెప్పు లేదు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు ఎండిపోయింది. లాండ్రీ చూసుకునే పెద్దావిడ చీపురు పక్కన పెట్టి ఆయన మీద విరుచుకుపడింది.

"మీరెవరు? కొడుకా? ఇన్నాళ్లకి కనబడ్డారా? పదకొండింటి నించీ ఇక్కడే ఉందీవిడ. తలుపు దగ్గర పడింది కూడా. మనవరాలొస్తుంది, మనవరాలొస్తుంది అని చూస్తున్నా. ఆ పిల్ల ఇంతాలస్యం ఎప్పుడూ చెయ్యదు. పది నిమిషాల్లో వాలుతుంది."

"ఎప్పుడూ అంటే?" అన్నాడాయన.

"ఎప్పుడూ అంటే ఎప్పుడూనే. ఈ నెల్లోనే నాలుగుసార్లు. ఆ మిషన్ల చప్పుడు వింటే ఈవిడకి ఆఫీసులో ఉన్నట్టుంటుందట. పిల్ల చెప్పింది."

ఆయన బెంచీ ముందు కూలబడి తల్లి చేతులు పట్టుకున్నాడు. ఐసుముక్కల్లా ఉన్నాయి. ఆవిడ ఆయన్ని చూసింది గానీ గుర్తుపట్టలేదు. "ఎవరూ పలకట్లేదు బాబూ," అంది దిగులుగా. "పొద్దుట్నించీ కలుపుతున్నా. అవతల ఎవరూ పలకట్లేదు."

వెనకాల అడుగుల చప్పుడైంది. పండు ఎగపోస్తూ వచ్చి తండ్రిని దాటుకుని నానమ్మని వాటేసుకుంది. తర్వాత బ్యాగులోంచి చేతిరుమాలు తీసి, నీళ్లతో తడిపి, మోకాలు తుడవడం మొదలుపెట్టింది. ఎలా తుడవాలో, ఎక్కడ పట్టుకుంటే నొప్పెట్టదో దానికి బాగా తెలుసు. తండ్రి పక్కన నిలబడి చూశాడు. ఏ సాయం చెయ్యాలో తెలియక, పోయిన చెప్పు కోసం బెంచీ కింద వెతికాడు. దొరకలేదు.

సాయంత్రం ఆరింటికి అక్క వచ్చింది. డాక్టరు చూసి ఎముక విరగలేదని చెప్పి, కట్టుకట్టి పంపాడు. నానమ్మ లోపలి గదిలో పడుకునుంది. అక్క చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"చెప్పానా లేదా? ఆ రోజే చెప్పానా లేదా? నీకేమో పంతం. అమ్మని హోమ్‌లో పెడితే లోకం ఏమనుకుంటుందో అని. ఇవాళ ఏ లారీ కిందో పడుంటే లోకం వచ్చి ఏడ్చేదా? అసలు పొద్దున నువ్వేం చేస్తున్నావురా?"

"పిల్ల ఫోను చూడకుండా నెట్‌కి కంట్రోల్ పెడుతున్నా," అన్నాడు. తన మాట తన చెవికే ఎంత అన్యాయంగా వినపడిందో!

"వదినా, ఆయన్ననకండి," అంది భార్య. "ఆ బ్లాక్ చెయ్యమన్నది నేనే."

"ఎవరన్నా ఒకటే. నేను రేపు వచ్చి అమ్మని తీసుకెళ్తున్నా."

"తీసుకెళ్లడానికి వీల్లేదు," అద్దాలాయన గొంతు పెంచాడు. "ఏమైందని ఇప్పుడు? ఏడాది మొత్తం మీద ఇది రెండోసారి. మనుషులన్నాక ఒకటి రెండుసార్లు…"

రెండోసారి కాదని ఆయనకి తెలుసు. లాండ్రీలో విన్నాడు. అయినా నోటి నించి అబద్ధం దానంతటది వచ్చేసింది.

"ఎనిమిది," అంది పండు.

గుమ్మం పక్కన నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చునుంది. ఇంకా స్కూలు బట్టల్లోనే ఉంది. "రెండు కాదత్తా. ఇవాళ్టితో ఎనిమిది."

అక్క మెల్లగా సోఫా అంచు మీద కూర్చుంది. "ఇన్నిసార్లు నువ్వొక్కదానివే తీసుకొచ్చావా? ఎవరికీ చెప్పకుండా? ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"చెబితే పంపించేస్తారుగా." పిల్ల నేల వంకే చూస్తోంది. "నేను జాగ్రత్తగానే చూసుకున్నానత్తా. క్లాసులో ఫోను బల్ల కిందే పెట్టుకునేదాన్ని. పరీక్షలో కూడా పెట్టుకున్నా. ఫోను మోగకపోయినా మోగినట్టే ఉంటుంది. నిద్రలో కూడా అలాగే ఉంటుంది." "ఇవాళ ఫోను మోగలేదు. నాన్న ఇంట్లో ఉన్నాడనుకున్నా. లెక్కల క్లాసు మొత్తం విన్నా. అంతా అర్థమైంది. లంచ్‌లో మా ఫ్రెండ్సు రమ్మంటే ఆడుకోడానికి వెళ్లా. ఎంత హాయిగా ఉందో నాన్నా. నానమ్మ అక్కడ పడిపోయి, చలిలో కూర్చునుంటే, నేను… నేనేమో హాయిగా…"

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, ముక్కలు ముక్కలుగా అనేసింది, "నావల్ల కావట్లేదు నాన్నా. నావల్ల కావట్లేదు."

ఆ మాట విన్నాక ఆ తండ్రి అవస్థ ఏం చెప్పాలి? బయటి నించి ఏదో వచ్చి పిల్లని పాడుచేస్తుందని ఇంటి చుట్టూ దడి కట్టాడు. ఇంట్లో బరువుల్లోకెల్లా పెద్ద బరువు ఆ పిల్ల నెత్తినే ఉందని, తనే పెట్టాడని కనపడలేదు. టీచరు కనిపెట్టుకుని ఉండమంటే ఆయన కనిపెట్టుకుని కూర్చున్నది రౌటర్ని. వచ్చి కూతురి పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"నావల్లా కావట్లేదమ్మా," అన్నాడు. ఎవరి ముందూ ఎప్పుడూ అనని మాట అది. "మొదట్నించీ కావట్లేదు. ఒప్పుకుంటే అమ్మని పంపెయ్యాలని, నాలుగు గంటలేగా, నాలుగు గంటలేగా అనుకుంటూ వచ్చా. ఆ నాలుగు గంటలూ నీ మీద పడేశాను."

"నావల్ల మాత్రం అవుతుందా ఏంట్రా?" అంది అక్క. "మోకాళ్ల నొప్పులతో నేను అమ్మ వెనక పరిగెత్తలేను. ఎత్తి మంచం మీద పడుకోబెట్టలేను. అందుకే హోమ్ అన్నా. నాకేదో సరదా అయి కాదు. ఆ హోమ్ చూసొచ్చి మూడు రోజులు నాకూ ముద్ద దిగలేదు."

అద్దాలాయన భార్య వంటింటి గుమ్మంలోనే నిలబడి, చెంగుతో మొహం కప్పుకుంది. తర్వాత ఏవేవో అనుకున్నారు. రేపట్నించీ మధ్యాహ్నం దాకా ఎవరో ఒకరు అమ్మ దగ్గరే ఉండాలనీ, అక్క వారంలో రెండు రోజులు వస్తుందనీ, వీళ్లు వంతులేసుకుని సెలవులు పెట్టుకోవాలనీ, ఆదివారం అందరూ కలిసి ఆ హోమ్ చూసి రావాలనీ. పండు కూడా రావాలనీ. ఇందులో ఏది ఎన్నాళ్లు సాగుతుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి కూడా అందరికీ తెలుసు. పిల్ల తండ్రి భుజానికి తల ఆనించి ఇంకా వెక్కుతూనే ఉంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. నానమ్మ గోడ పట్టుకుని, కట్టుకట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. అక్క ఆదరాబాదరా లేచి పట్టుకోబోయింది కానీ ఆవిడ ఆ చెయ్యి విదిలించుకుంది. ఒక్కొక్కరి మొహమే తేరిపార చూసుకుంటూ వచ్చి పండు దగ్గర ఆగింది. పొద్దున ఎవరి కోసం కొడుకు మీద గొంతెత్తిందో ఆ పిల్లని, ఎప్పుడూ చూడనట్టే చూసింది.

"ఎవరర్రా ఈ పాప?" అంది. "ఇంతలా ఏడుస్తుంటే అలా కూర్చున్నారేంటి అందరూ? ఎంత భయపడిపోయిందో చూడండి. దీనికి అమ్మానాన్నా లేరా?"

పండు ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. నానమ్మ మొహంలోకి చూసింది. వాళ్లమ్మ గుమ్మం వదిలి వచ్చి, పిల్లకి రెండో పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యేసింది.

"ఉన్నామమ్మా," అన్నాడు అద్దాలాయన. అది తల్లికి జవాబు. కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఈసారి ఆ పిల్లకి వినపడేలా మళ్లీ అన్నాడు.

"ఉన్నామమ్మా."